నిక్షేపము ఎవ్వరిది?

తెలుగునాట పూర్వపు రాజులు దేవాలయములకు భూదానము చేయునపుడు శాసనములందు అష్టభోగములను పేర్కొనెడివారు. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను ఈ యెనిమిదియు దానము పొందినవానికి సంక్రమించును. నేలపై పండు పంటయే కాక నేలలోని రాయియు, ధనమును, ఇక ముందు కలుగబోవు లాభమును గూడ అతనివే యని దీని తాత్పర్యము. వీనిలో 'నిక్షేపము' అను మాట విచారింపదగినది. భూమిలో పాతిపెట్టిన ధనమను అర్థము లోకములో ప్రసిద్ధము. ధర్మశాస్త్రములందో, ఒకడు మరియొకనియొద్ద నమ్మి దాచిన సొత్తునకు నిక్షేపమని పేరు. మనుధర్మశాస్త్రము చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఇది రెండవది. దొరికిన ధనమును, దాచుటకిచ్చిన ధనమును ఒకే మాటతో చెప్పుట చిత్రము. దొరికినదానిని అనుభవింపవచ్చునని లోకము తలచును. దాచుటకిచ్చినదానిని చెడకుండ తిరిగి అప్పగింపవలెను. మరి భూమి కడుపులోనున్నది ఈ రెండింటిలో ఏది?

ఈ ప్రశ్నను ఊహలో విచారించుటకంటె ఒక కొండను దృష్టాంతముగా గైకొని విచారించుట మేలు. ఆ కొండ అమెరికా సంయుక్త రాష్ట్రములలో, నెవడా రాష్ట్రపు నడుమ ఉన్నది. దానిని ఆశ్రయించి యున్న ప్రదేశమునకు బెర్లిన్-ఇక్తియోసార్ రాష్ట్రోద్యానమని పేరు. ఉద్యానమనగానే పూలతీగలును, నీటి కాలువలును తలపునకు వచ్చును. ఇచట అవి లేవు. సముద్రమట్టమునకు సుమారు 7,000 అడుగుల యెత్తున, షోషోనీ పర్వతముల పడమటి వాలున ఉన్న ఎండుకొండలు ఇవి. బూడిదవన్నె పొదలు, పొట్టి దేవదారు జాతి చెట్లు, రాళ్లు, గాలి, ఇంతియే. ఈ దేశభాగపు నదులకు సముద్రప్రాప్తి లేదు. ఎడారి పల్లములలో ఇంకిపోవును. అట్టి ఈ నేల ఒకప్పుడు సముద్రమే.

రమారమి 23 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ చోట సముద్రజలము నిండియుండెను. అందులో ఇక్తియోసారులు సంచరించెను. ఆ మాటకు చేపబల్లి యని అర్థము. ఆకృతి చేపది, జాతి సరీసృపములది. అవి నీటిలోనే బ్రదుకుచు, పైకి వచ్చి గాలి పీల్చుచుండెను. గ్రుడ్లు పెట్టక పిల్లలను కనుచుండెను. వీనిలో పెద్దవి ఏబది అడుగుల పొడవు వరకు పెరిగినవి. దాదాపు నలువది జీవుల అస్థులు ఈ కొండలోయలో రాయిగా మారి బయల్పడినవి.

ఇన్ని మహాకాయములు ఒక్కచోట ఏల మరణించినవని పండితులు బహుకాలము తర్కించిరి. ఒడ్డునకు కొట్టుకొని వచ్చి చిక్కుకొన్నవని ఒకరు, నీటిలోని విషము చేత చచ్చినవని మరియొకరు తలచిరి. 2022వ సంవత్సరమున వెలువడిన పరిశోధన ఈ విషయమున క్రొత్త వెలుగు ప్రసరింపజేసినది. అచట దొరికిన అస్థులు మిక్కిలి పెద్దవి, లేదా గర్భస్థ శిశువులవి, అప్పుడే పుట్టినవానివి. నడిమి వయస్సు జంతువుల జాడ లేదు. వాని కాహారము కాదగిన చేపల యవశేషములును దాదాపు లేవు. కావున ఆ తల్లులు అచటికి మేతకై రాలేదనియు, ప్రసవమునకై వచ్చెననియు పరిశోధకులు ఊహించిరి. ఆ యస్థులన్నియు ఒకే కాలమునాటివి గావు. వివిధ చోట్ల దొరికినవానికి నడుమ లక్షల సంవత్సరముల యెడమున్నది. అనగా తరతరములుగా ఆ తల్లులు ఈ చోటినే వెదకికొని వచ్చుచుండెను. తెలుగింటి ఆడుబిడ్డ కానుపునకు పుట్టినింటికి వచ్చు రీతిని వేయి వేల తరముల తల్లులు వచ్చిన పుట్టినిల్లు ఆ కొండ.

సముద్రము తొలగిపోయెను. బురద రాయి యయ్యెను. రాయి పర్వతమై లేచెను. ఆ రాతి పగుళ్లలో వెండియు బంగారమును చేరెను. పిమ్మట ఎన్నో యుగములకు మానవుడు వచ్చెను.

బహుకాలముగా అచట నివసించినవారు షోషోనీ ప్రజలు. పర్వతములకు నేటికిని వారి పేరే నిలిచియున్నది. ఆ యెండునేలలో వారికి జీవనాధారము పిన్యన్ అను దేవదారు చెట్టు. శరత్కాలమున దాని కాయలలోని గింజలను ఏరి, వేయించి, దంచి, చలికాలమునకు దాచికొనుచుండిరి. చెట్టు నిలిచియుండగా ఏటేట గింజ వచ్చును. నరికిన యెడల ఒక్కమారు కట్టె వచ్చును.

1863వ సంవత్సరమున వెండిని వెదకువారు ఈ కొండల యూనియన్ లోయలో వెండిని కనుగొనిరి. చుట్టుప్రక్కల అయోన్, గ్రాంట్స్‌విల్ మున్నగు ఊళ్లు వెలసినవి. 1890 తరువాత బెర్లిన్ గని తెరువబడినది. 1897లో బెర్లిన్ అను ఊరు ఏర్పడినది. మంచి దినములలో అచట సుమారు 250 మంది జనులుండిరి. గనిపనివారు, కట్టెలు కొట్టువారు, బొగ్గు కాల్చువారు, ఒక వైద్యుడు, ఒక నర్సు అందుండిరి. కొండ క్రింద దాదాపు మూడు మైళ్ల పొడవున సొరంగములు త్రవ్విరి. కొండవాలున ముప్పది ఇనుప రోకళ్ల మిల్లు నిలిపి, ఆ రోకళ్లతో రాతిని పిండి చేసి లోహమును వేరుచేసిరి. గని సొరంగములకు దూలములు కావలెను, పొయ్యిలకు కట్టెలు కావలెను. షోషోనీలకు అన్నము పెట్టిన చెట్లు ఆ పొయ్యిలకు ఆహుతియయ్యెను.

ఇంతకును లభించినదెంత? బెర్లిన్ గని నుండి తీసిన లోహము విలువ అన్ని సంవత్సరములకు గలిపి సుమారు 8,49,000 డాలర్లని లెక్క. 1907లో పనివారు సమ్మె చేసిరి. 1911 నాటికి ఊరు పాడుపడినది. వచ్చినంత త్వరగా జనులు వెడలిపోయిరి. కొన్ని చెక్కయిండ్లు, ఆ రోకళ్ల మిల్లు, ఒక చిన్న శ్మశానము మిగిలినవి. పుట్టుట మొదలు చచ్చుట వరకు ఆ యూరి ఆయుర్దాయము పదునాలుగేండ్లు.

ఈ వృత్తాంతమును ఎదుట నుంచుకొని మొదటి ప్రశ్నను మరల అడుగవలెను. ఆ వెండి ఎవ్వరిది? ఈ విషయమున పూర్వపక్షము నాలుగు విధములుగా వాదించును.

కనుగొన్నవానిదే సొత్తు అనునది మొదటి వాదము. అమెరికా ప్రభుత్వము 1872లో చేసిన గనుల శాసనము దీనినే అంగీకరించినది. ప్రభుత్వ భూములలో ఖనిజము కనుగొన్న పౌరుడు గుర్తులు నాటి హక్కు స్థాపించుకొనవచ్చును. తీసిన వెండి బంగారములపై ప్రభుత్వమునకు రాజభాగము చెల్లింపనక్కరలేదు. కొన్ని మార్పులతో ఆ శాసనము నేటికిని చెల్లుచున్నది. అయితే కనుగొనుట యనగా నేమి? ఆ గనుల కాలపు మనుష్యులు చేపబల్లుల వెన్నుపూసలను చూచియే యుండిరనియు, గుండ్రముగా పళ్లెములవలె నున్న వానిని భోజనపాత్రలుగా వాడుకొనిరనియు ఒక వాడుక కలదు. అది నిజమైనను కాకున్నను అందులోని నీతి మాత్రము నిజము. చేతిలోనున్నదేమో తెలియనివాడు దానిని కనుగొన్నవాడగునా? 1928లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు సీమన్ ముల్లర్ ఆ యస్థులను గుర్తించెను. 1954 మొదలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు చార్లెస్ క్యాంప్, శామ్యూల్ వెల్స్ అనువారు త్రవ్వకములు సాగించిరి. వెండికై వచ్చినవారి కండ్లకు వెండియే కానవచ్చెను. ఆశ దేనిని చూపునో కన్ను దానినే చూచును. మిగిలినదంతయు దానికి వట్టి రాయి.

శ్రమించినవానిదే సొత్తు అనునది రెండవ వాదము. ఇది వినుటకు ధర్మముగానే యున్నది. కాని బెర్లిన్‌లో చీకటిలో దిగి రాయి కొట్టినవాడు కూలి పుచ్చుకొనెను; లోహము కంపెనీకి పోయెను. శ్రమయే హక్కునకు మూలమైన యెడల ఆ లోహము గనిపనివానిది కావలసియుండెను. అతడు తన మూటతో మరియొక గనికి తరలిపోయెను. తరలిపోలేనివాడు ఆ శ్మశానములో నిలిచిపోయెను. శ్రమ పేరు చెప్పి హక్కును కోరువాడు శ్రమించినవాడే కావలెనను నియమము లోకములో అరుదుగా కానవచ్చును.

శాసనము ఇచ్చినవానిదే సొత్తు అనునది మూడవ వాదము. యూనియన్ లోయలో వెండి కానవచ్చిన 1863వ సంవత్సరముననే, అక్టోబరు 1వ తేదీన, రూబీ లోయ యందు అమెరికా ప్రభుత్వమునకును పశ్చిమ షోషోనీలకును సంధి జరిగినది. ప్రయాణికులు తమ దేశము గుండ సాగిపోవుటకును, రైలు మార్గములు వేయుటకును, గనులు త్రవ్వుటకును షోషోనీలు సమ్మతించిరి. అందులకు ప్రతిఫలముగా ఏటికి 5,000 డాలర్ల చొప్పున ఇరువది యేండ్లు ఇచ్చుటకు ప్రభుత్వము మాట యిచ్చినది. కాని భూమిని విడిచి యిచ్చుచున్నామను వాక్యము ఆ సంధిలో లేదు. త్రోవ యిచ్చినవాడు ఇల్లు ఇచ్చినట్లు కాదు. శాసనమే ప్రమాణమన్నచో ఆ శాసనము ఏమి చెప్పుచున్నదో ముందు చదువవలెను.

వెల యిచ్చినవానిదే సొత్తు అనునది నాలుగవ వాదము. దీని చరిత్ర మిక్కిలి విచిత్రము. షోషోనీల హక్కు వలసవారి క్రమాక్రమణ చేత లోపించినదని 1962లో ఒక ప్రభుత్వ న్యాయసంఘము నిర్ణయించినది. వెల కట్టుటకు 1872వ సంవత్సరపు ధరలు ప్రమాణములైనవి. సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరములకు 2 కోట్ల 60 లక్షల డాలర్లు నిర్ణయింపబడినవి. ఎకరమునకు డాలరును, మరికొన్ని సెంట్లును. 1979లో ఆ ధనమును షోషోనీల పేర ప్రభుత్వ ఖజానాలో నుంచిరి. వారిలో అనేకులు దానిని ముట్టమనిరి. అమ్మని వస్తువునకు వెల పుచ్చుకొనుట యెట్లని వారి ప్రశ్న. మేరీ డాన్, క్యారీ డాన్ అను అక్కచెల్లెండ్రు ఆ నేలమీద పశువులను మేపుకొనుచు ఈ ప్రశ్నను దేశపు సర్వోన్నత న్యాయస్థానము వరకు కొనిపోయిరి. ధనము ఖజానాలో వారి పేర చేరినప్పుడే చెల్లింపు పూర్తియైనదని 1985లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2004లో ఆ ధనమును పంచుటకు శాసనము చేయబడునాటికి అది వడ్డీతో 14 కోట్ల డాలర్లు మించినది. షోషోనీలలో ఆ సొమ్మును పుచ్చుకొందమన్నవారును ఉండిరి. పేదరికమెరిగినవాడు వారిని తప్పుపట్టజాలడు. కాని వద్దన్నవారి ప్రశ్న ఆ తీర్పుతో సమసిపోలేదు. మనువు చెప్పిన వ్యవహారపదములలో నిక్షేపము వెంటనే వచ్చునది అస్వామివిక్రయము; స్వామి కానివాడు వస్తువును అమ్ముట. అమ్మినవాడే లేక కొనుట జరిగినదన్నచో దానిని ఏ పదమున చేర్చవలెనో ధర్మజ్ఞులు చెప్పవలెను.

ఇట్లు నాలుగు వాదములును నేలమీద నిలువలేకున్నవి. అయినచో భూమిని ముట్టనే కూడదా? ఇది న్యాయమైన ఆక్షేపము. లోహము లేనిదే నాగలి లేదు, గంట లేదు, దీపపు సెమ్మె లేదు. గని త్రవ్వినవానిని నిందించుచు గనిలోనుండి వచ్చినదానితో బ్రదుకుట కపటము.

భాగవతమునందలి పృథుచక్రవర్తి కథ ఈ చిక్కును విడదీయును. ప్రజలు ఆకలితో అలమటించుచుండగా, భూమి ఓషధులను తనలో దాచుకొన్నదని పృథువు ధనుస్సెత్తెను. భూదేవి గోరూపమున పరుగెత్తి, తుదకు నిలిచి, తాను దాచుటకు కారణము చెప్పెను: నియమము లేనివారు తన్ను అనుభవించుచుండిరి, పాలకులు కాపాడలేదు, లోకము దొంగలపాలయ్యెను. తగిన దూడను, తగిన పాత్రను, తగిన దోగ్ధను చూచుకొనిన యెడల పాలిత్తునని పలికెను. పృథువు మనువును దూడగా జేసి, తన చేతినే పాత్రగా జేసి పితికెను. పిదప ఆమెను కూతురుగా స్వీకరించెను. అందుచేతనే ఆమె పృథివి యయ్యెను.

ఈ కథలో భూమినుండి తీసికొనుట తప్పని యెచటను లేదు. తీసికొను తీరు మాత్రమే చెప్పబడినది. ఆవును పితుకువాడు ముందు దూడను విడుచును. చాలినంత త్రావనిచ్చి పిమ్మట తాను పితుకును. తరువాత మరల దూడను విడుచును. పొదుగును కోసి పాలు తీసినవానికి మరునాడు పాలును లేవు, ఆవును లేదు. దూడ యనగా వెనుక వచ్చువాడు. ఎవని దూడ కట్టుగొయ్యకే మిగిలిపోయెనో వాడు పితికినది పాలు కాదు, ఆవు ప్రాణము. బెర్లిన్ పొయ్యిలలో కాలిన దేవదారు చెట్లు షోషోనీల బిడ్డలకు రావలసిన పాలు. ఆ పాలు త్రాగి బలిసినవాడెవడు? ఊరును పదునాలుగేండ్లకే పాడుపడినది గదా!

నిక్షేపమను మాటకు గల రెండర్థములును ఇచట ఒక్కటగుచున్నవి. భూమిలో దొరికిన నిధి, దాచుటకిచ్చిన సొత్తే. ఇచ్చినవారు మునుపటివారు, అప్పగింపవలసినది రాబోవువారికి. నడుమ నున్నవాడు దానిని వాడుకొనవచ్చును. రెండు చేతుల నడుమ తాను మూడవవాడనని మరువరాదు. అష్టభోగములలో 'ఆగామి' యను భోగమొకటి యున్నది. రాబోవు లాభము నాది యని దానము పొందినవాడు దానిని చదువుకొనును. రాబోవువారి లాభమును నావలన చెడరాదు అనుకొని చదువుకొనినవాడు మాత్రమే ఆ శాసనమునకు తగినవాడు.

ఆ కొండ చరిత్ర ఇంతటితో ముగియలేదు. అస్థులను కాపాడుటకై నెవడా రాష్ట్రము 1950 తరువాత ఈ ఉద్యానము నేర్పరచినది. పాడుపడిన ఊరును గూడ తరువాత ఇందు చేర్చినది. అస్థులలో కొన్నింటిని పెకలించి కొనిపోక, అవి పడియున్న రాతి పాన్పుననే యుంచి, పైన కప్పు వేసిరి. 1977లో ఆ జీవిని రాష్ట్రపు చిహ్నములలో ఒకటిగా స్వీకరించిరి. బెర్లిన్ ఇండ్లను క్రొత్తవిగా చేయక, కూలనీయక, ఉన్నవి ఉన్నట్లు నిలిపియున్నారు. చూడవచ్చినవాడు ఒక రాతిముక్కనైన తనవెంట కొనిపోరాదు.

విచిత్రమేమనగా, ఉద్యానపు ఎల్లకు ఆవల, ప్రభుత్వ భూములలో, 1872 నాటి నియమమే సాధారణముగా చెల్లుచున్నది: కనుగొన్నవాడు తీసికొనవచ్చును. ఎల్లకు ఈవల: కనుగొన్నవాడు కాపాడి విడువవలెను. రాయి ఒక్కటే, గాలి ఒక్కటే, కొండ ఒక్కటే. నడుమ ఒక గీత. ఆ గీత నేలమీద ఉన్నట్లు కానవచ్చుచున్నను నిజమునకు మానవుని మనస్సులోనిది. ప్రతి గృహస్థుని యింటిలోను, పొలములోను, బావి యొద్దను ఆ గీత యున్నది. తాతగారు నాటిన మామిడిచెట్టును నరికించి కట్టెకు వెల కట్టువాడు గీతకు ఆవల నున్నాడు. ఆ చెట్టునీడలోనే మరియొక మొక్క నాటినవాడు ఈవల నున్నాడు.

అట్లని ఈ కాపుదలయే సమస్తమును సరిచేసినదని తలచుట తొందరపాటు. ఆ పర్వతములకు తూర్పున, రీస్ నదీలోయ యందు, యోంబా షోషోనీలు నేటికిని నివసించుచున్నారు. చేపబల్లి యెముకకు కప్పు వేసినవారు, నేల నడిగిన మనుష్యుని మాటకు కప్పు వేయలేదు. మృతజీవిని కాపాడుట సులభము; అది ఏమియు అడుగదు. బ్రదికియున్నవాని నిక్షేపమును ఒప్పుకొనుట కష్టము. అతడు తిరిగి యిమ్మనును. అందుచేతనే ధర్మము రెండవదానితోనే మానవుని పరీక్షించును.

సముద్రము ఆ కొండను తనదనుకొని యుండవచ్చును, అది పోయినది. మహాకాయములైన తల్లులు కానుపులకు వచ్చి అచటనే ఒరిగిపోయినవి. ముప్పది రోకళ్ల మ్రోత రేయింబవళ్లు కొండను కదలించి, అదియు నిలిచిపోయినది. వీరిలో ఎవ్వరును ఆ నేలను వెంట కొనిపోలేదు. ఇది నాది యన్నవారి పేరులు గాలికి పోయినవి. ఇది దాచుటకిచ్చినది యని చేయి చాచి పట్టుకొన్నవాడే ఆ సొత్తునకు కొంతకాలమైనను నిజమైన స్వామి. అప్పగింపు దినము ప్రతివానికిని వచ్చును. ఆనాడు వెనుకవచ్చువాని చేతిలో పెట్టుటకు ఏదియో మిగిలియుండవలెను.